నవ్వు చెప్పిన తీర్పు: ‘బండెనక బండి’ పాటలో పాలకుడి చిత్రణ – కోసిగి సరిహద్దు నుంచి ఒక పరిశీలన

సారాంశం:
గతించిన పాలకులను, నాయకులను గురించిన జానపద గేయాలను తెలుగు పరిశోధన ఎక్కువగా వీరగాథలుగానో, చారిత్రక గేయాలుగానో, ఉద్యమ గేయాలుగానో పరిశీలించింది. వాటిలోని హాస్యం గురించిన చర్చ తక్కువ. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌ను సంబోధిస్తూ ప్రచారంలోకి వచ్చిన ‘బండెనక బండి’ పాటను ఈ వ్యాసం హాస్యం వైపు నుంచి పరిశీలిస్తుంది. ఆ పాటలో ప్రశ్న, సంబోధన, ఊళ్ళ వరస అనే మూడు సాధనాలు పాలకుణ్ణి ఎలా చిన్నబుచ్చుతున్నాయో వివరిస్తుంది. నిజాం రాజ్యానికి తుంగభద్ర ఈవలి ఒడ్డున ఉన్న కోసిగి ప్రాంతాన్ని పోలికకు తీసుకొని, ఇటువంటి పాట ఎక్కడ పుడుతుంది, ఎక్కడ పుట్టదు, పుట్టినా ఎందుకు పుస్తకానికి ఎక్కదు అన్న ప్రశ్నలను చర్చిస్తుంది.

కీలకపదాలు: జానపద హాస్యం, రాజకీయ గేయం, నిజాం, కోసిగి, వెట్టి, స్తుతిగేయం, సేకరణ నీతి.

1. ఉపోద్ఘాతం:
పల్లె ప్రజలు తమ పాలకులను పాటల్లో గుర్తుంచుకునే తీరులు ప్రధానంగా రెండు. మేలు చేసినవారిని, తమ పక్షాన నిలిచి ప్రాణం విడిచినవారిని స్తుతిస్తూ పాడతారు. బాధించినవారిని వెక్కిరిస్తూ పాడతారు. మొదటి తీరుకు రాయలసీమలో ప్రసిద్ధమైన ఉదాహరణలున్నాయి. 1847లో కోయిలకుంట్లలో ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని గురించిన పాట, 1866 నాటి కరవులో ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డిని గురించిన పాట ఆ కోవకు చెందుతాయి. తంగిరాల వెంకట సుబ్బారావు ‘రేనాటి సూర్యచంద్రులు’ వంటి రచనల ద్వారా ఈ గాథలకు సాహిత్య చరిత్రలో స్థిరమైన చోటు దొరికింది.

రెండో తీరు పాటలకు అటువంటి చోటు సులువుగా దొరకలేదు. జానపద గేయాలను పాడేవారిని బట్టి స్త్రీల పాటలు, పిల్లల పాటలు, శ్రామిక గేయాలు అనీ, వస్తువును బట్టి పౌరాణికాలు, చారిత్రకాలు అనీ, రసాన్ని బట్టి శృంగార, కరుణ, హాస్య గేయాలు అనీ విభజించే పద్ధతి పరిశోధనలో స్థిరపడింది. పరిశీలనకు ఈ విభజన ఉపయోగపడింది. అయితే నాయకుణ్ణి వెక్కిరించే పాట వస్తువును బట్టి చారిత్రకం, రసాన్ని బట్టి హాస్యం అవుతుంది. చారిత్రక గేయాలను పరిశీలించేవారు అందులోని సంఘటనను చూస్తారు. హాస్య గేయాలను పరిశీలించేవారు బావామరదళ్ళ సరసాలను, వియ్యపురాళ్ళ ఎత్తిపొడుపులను, అత్తాకోడళ్ళ తగవులను తీసుకుంటారు. రెండు వర్గాల మధ్య పడిన పాటలోని నవ్వు ఎవరి పరిశీలనకూ పూర్తిగా అందదు. ‘బండెనక బండి’ పాట విషయంలో జరిగింది కూడా ఇదే. అది పోరాట గేయంగా అందరికీ తెలుసు. ఆ పాటలో పోరాటం ఏ సాధనంతో జరుగుతున్నదన్న విషయానికి మాత్రం తగిన పరిశీలన అవసరం.

2. కోసిగి: నదికి ఈవలి ఒడ్డు:
కర్నూలు జిల్లా పడమటి భాగంలో, గుంతకల్లు–రాయచూరు రైలు మార్గంలో కోసిగి ఉంది. దక్షిణాన ఆదోని, తూర్పున ఎమ్మిగనూరు, ఉత్తరాన తుంగభద్ర. నది దాటితే రాయచూరు జిల్లా. ఇక్కడి మాటలో తెలుగు, కన్నడం కలగలిసి ఉంటాయి. పనులు లేని కాలంలో కుటుంబాలు వలసపోవడాన్ని ఇక్కడివారు ‘సుగ్గికి పోవడం’ అంటారు. కన్నడంలో పంటకోతల కాలాన్ని చెప్పే ‘సుగ్గి’ అనే మాట ఇక్కడ వలసకు పేరయింది. గుంటూరు వైపు మిరప, పత్తి పనులకు వెళ్ళే కుటుంబాల జీవితం ఆ ఒక్క మాటలో ఇమిడి ఉంది. 2011 జనగణన ప్రకారం అక్షరాస్యత అతి తక్కువగా ఉన్న మండలాలలో కోసిగి ఒకటి. అక్షరం అందరికీ అందని చోట నాయకుడి గురించిన అభిప్రాయం సామెతగా, ఎత్తిపొడుపుగా, పాటగా నిలుస్తుందని భావించడానికి ఈ నేపథ్యం అవకాశమిస్తుంది.

ఈ ప్రాంతానికి నిజాం పాలన కొత్తది కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఆదోని అసఫ్‌జాహీల ఏలుబడిలో ఉండేది. నిజాం అలీఖాన్ సోదరుడు బసాలత్ జంగ్ ఆదోని కేంద్రంగా పాలించాడు. 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందంతో నిజాం ఈ ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. దత్తమండలాలుగా పేరుపడిన ఈ భూభాగానికి థామస్ మన్రో 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా పనిచేశాడు. ఆ తర్వాత ఆదోని తాలూకా మద్రాసు రాజధానిలోని బళ్ళారి జిల్లాలో భాగంగా కొనసాగి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంతో పాటు కర్నూలు జిల్లాలో చేరింది. రాయచూరు మాత్రం 1948 వరకు నిజాం ఏలుబడిలోనే ఉంది. అంటే దాదాపు నూటయాభై సంవత్సరాల పాటు తుంగభద్ర రెండు పాలనల మధ్య సరిహద్దుగా నిలిచింది.

ఈ సరిహద్దు ప్రస్తుత చర్చకు ముఖ్యం. నిజాంను వెక్కిరించే పాట ఆయన రాజ్యంలోని నల్లగొండ జిల్లా నుంచి వచ్చింది. ఒకప్పుడు అదే వంశం ఏలిన ఆదోని సీమలో ఇరవయ్యో శతాబ్దపు రైతుకు నిజాం పొరుగు రాజు మాత్రమే. ఆయన పేరుతో శిస్తు వసూలు చేసేవారు, వెట్టికి పిలిచేవారు ఈ ఒడ్డున లేరు. పాలకుడిని నవ్వులపాలు చేసే పాటకు ఆయన పేరు తెలిసి ఉండటం చాలదు. ఆయన అధికారం పాడేవారి గడప దాకా వచ్చి ఉండాలి. హాస్య గేయం వ్యాపించిన ప్రాంతాన్ని గుర్తిస్తే అధికారం ఎంతవరకు చొచ్చుకుపోయిందో తెలుస్తుంది. రాజ్యాల పటంలో కనిపించని సమాచారం ఇది.

3. పాట, కాలం, ప్రచారం:
మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911లో హైదరాబాదు సంస్థానానికి పాలకుడయ్యాడు. 1937 ఫిబ్రవరిలో అమెరికా పత్రిక ‘టైమ్’ ఆయనను ప్రపంచంలోకెల్లా సంపన్నుడిగా పేర్కొంటూ ముఖచిత్రం వేసింది. అదే కాలంలో తెలంగాణ పల్లెల్లో దేశ్‌ముఖులు, జాగీర్దారులు, పటేల్ పట్వారీల చేతుల్లో రైతులు, వృత్తికులాలవారు వెట్టిచాకిరి చేస్తున్నారు. అధికారులు ఊరికి వస్తే వారి ప్రయాణానికి బండ్లు, ఎడ్లు ఉచితంగా సమకూర్చడం ఆ వెట్టిలో ఒక భాగం. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో ఉద్యమం సాయుధ పోరాటంగా మారి 1951 అక్టోబరు వరకు సాగింది. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. 1950 నుంచి 1956 వరకు రాజప్రముఖ్‌గా ఉండి, 1967 ఫిబ్రవరి 24న మరణించాడు.

‘బండెనక బండి’ పాట బండి యాదగిరి రచనగా ప్రసిద్ధం. రచయిత పేరు తెలిసిన పాటను జానపద గేయం అనవచ్చునా అన్న ప్రశ్న ఇక్కడ సహజంగా వస్తుంది. పాట పుట్టుకలో వ్యక్తి ఉండటం జానపదత్వానికి అడ్డు కాదు. ప్రతి జానపద గేయాన్నీ ఎవరో ఒకరు మొదట పాడి ఉంటారు. సమూహం దానిని తనదిగా చేసుకొని, తన నోటికి అనువుగా మార్చుకొని, రచయిత పేరు గుర్తులేకుండానే పాడుకోగలిగినప్పుడు అది జానపద గేయమవుతుంది. ఈ పాట ఆ స్థితికి చేరింది.

పాట తెలుగు నేలంతటా తెలియడానికి 1980లో విడుదలైన ‘మాభూమి’ చలనచిత్రం ప్రధాన కారణం. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన ఈ చిత్రానికి కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారం. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మాభూమి’ నాటకం పేరు దీనికీ ఉన్నా, రెండింటి మూలాలు వేరు. చిత్రంలో ఈ పాటను గద్దర్ పాడుతూ కనిపిస్తాడు. ఆ తర్వాత చాలామందికి ఆ గొంతే పాటకు ప్రమాణమయింది. చిత్రం వల్ల పాట బతికింది, అదే సమయంలో ఒక పాఠం దగ్గర స్థిరపడింది. కాబట్టి ఇక్కడి పరిశీలన విస్తృతంగా వినిపించే ఆ పాఠానికి సంబంధించినదే అన్న పరిమితిని గుర్తుంచుకోవాలి.

4. పాటలోని హాస్య నిర్మాణం:

4.1 ప్రశ్న: పాట ఒక ప్రశ్నతో మొదలవుతుంది. ఒకదాని వెనక ఒకటిగా పదహారు బండ్లు కట్టి ఉన్నాయి. వాటిలో ఏ బండిలో పోతావని పాలకుణ్ణి అడుగుతుంది. పైకి ఇది మర్యాదగా, ప్రయాణ ఏర్పాట్ల గురించి అడిగినట్టు ఉంటుంది. ఊరికి వచ్చిన అధికారిని బండ్లు సమకూర్చే రైతు అడగదగిన ప్రశ్నే ఇది. వెట్టికి బండి కట్టినవాడి నోటి నుంచి రాగానే దాని అర్థం తిరగబడుతుంది. రావడానికి కట్టించుకున్న బండ్లు పోవడానికి సిద్ధమయ్యాయి. పోతావా లేదా అని పాట అడగదు. పోవడం నిశ్చయమైపోయింది, బండిని ఎంచుకోవడమే మిగిలింది. ఆ ఎంపికను పాలకుడికే వదిలిపెట్టడంలో వెక్కిరింత ఉంది. రోల్స్ రాయిస్ కార్లు గల పాలకుణ్ణి ఎడ్లబండి ఎక్కించడంతో ఆ వెక్కిరింతకు దృశ్యరూపం వస్తుంది.

ఈ సంబోధన పాలకుడు గద్దె మీద ఉన్న కాలానికి చెందినది. ఆయన మాజీ కావడానికి ముందే పాట ఆయనను మాజీగా ఊహించింది. చరిత్రలో అధికారం మారిన తేదీ 1948 సెప్టెంబరు 17. పాడుకునేవారి ఊహలో అది అంతకుముందే మారిపోయింది.

4.2 సంబోధన: పాలకుడికి ప్రజలు వాడవలసిన బిరుదులు, విన్నపపు మాటలు ఎన్నో ఉండగా పాట ఆయనను ‘కొడుకో’ అని పిలుస్తుంది. తెలంగాణ వాడుకలో ఈ పిలుపు సందర్భాన్ని బట్టి మారుతుంది. పెద్దవారు చిన్నవారిని ఆప్యాయంగా పిలవవచ్చు, కోపంలో ఎదుటివాడిని కిందికి దించి పిలవవచ్చు. జానపద గేయాల్లో పల్లవి చివర లయ కోసం కూడా ఇటువంటి పిలుపులు వస్తాయి. ఈ పాటలో మూడు ఛాయలూ కలిశాయి. పాడేవారు ఆ మాటతో పెద్దల స్థానంలోకి వెళ్ళి పాలకుణ్ణి పిల్లవాడి స్థానంలో నిలబెడతారు. రాజు తండ్రి, ప్రజలు బిడ్డలు అన్న పాత భావన ఇక్కడ తలకిందులైంది.

ఆయనను గుర్తించడానికి వాడిన మరో మాట ‘సర్కరోడు’. సర్కారు అంటే ప్రభుత్వం, ఒక వ్యవస్థ. దానికి ‘ఓడు’ అన్న ప్రత్యయం చేరగానే పొరుగింటి మనిషిని పిలిచినట్టయింది. కంటికి కనిపించని వ్యవస్థకు ముఖం తగిలించి ఎదురుగా నిలబెట్టే పని ఈ ప్రత్యయం చేసింది. వ్యక్తి పేరు పాటకు అవసరం లేకపోయింది. పదవికి ముఖం కల్పించి ఆ ముఖాన్ని నిలదీయడంతో, ఆ స్థానంలోకి మరొక పాలకుడు వచ్చినా పాట పనికి వచ్చే నిర్మాణం దీనికి ఏర్పడింది.

4.3 ఊళ్ళ వరస: పాట ముగింపు వైపు సాగేటప్పుడు ఊళ్ళు ఒక క్రమంలో వస్తాయి. చుట్టూ సూర్యాపేట, మధ్యలో నల్లగొండ, పాలకుడు నివసించే హైదరాబాదు, దాని పక్కన గోలకొండ. ఈ క్రమం పిల్లల ఆటపాటల్లో, పొడుపు కథల్లో కనిపించే పద్ధతికి దగ్గరగా ఉంది. ఊరి నుంచి వీధికి, వీధి నుంచి ఇంటికి, ఇంటి నుంచి పెట్టెకు కుదించుకుంటూ పోయి చివర ఒక వస్తువును చూపడం అక్కడి పద్ధతి. ఈ పాటలో చివర తేలే వస్తువు పాలకుడి సమాధి. వినేవారు ఆటలోని వేగంతో ఊళ్ళు లెక్కపెడుతూ పోయి హఠాత్తుగా గోరి ముందు నిలబడతారు. గోలకొండ, గోరి అన్న మాటల తొలి అక్షరం ఒకటే కావడం వల్ల ఆ నిర్ణయం ముందే కుదిరినట్టుగా వినిపిస్తుంది.

గోలకొండ ఎంపికలో మరో విశేషం ఉంది. అది అసఫ్‌జాహీల కోట కాదు. కుతుబ్‌షాహీల కోట, 1687లో ఔరంగజేబుకు స్వాధీనమైంది. కూలిన రాజ్యానికి గుర్తుగా మిగిలిన చోటు కింద ప్రస్తుత పాలకుడికి పాట చోటు చూపింది. నిజాం చరిత్రలో మరణించింది, ఖననమైంది వేరే చోట. కింగ్ కోఠీ ఎదుట ఉన్న జూడీ మసీదులో ఆయన సమాధి ఉంది. పాట చెప్పిన భవిష్యత్తు అక్షరాలా జరగలేదు. అధికారం శాశ్వతం కాదన్న భావం మాత్రం నిలిచింది.

4.4 దేహాన్ని తాకని హాస్యం: పాలకులపై పుట్టే హాస్యం తరచు వారి రూపాన్ని, నడకను, తిండిని, వేషాన్ని ఆశ్రయిస్తుంది. నిజాం పిసినారితనం గురించి, ఆయన సాదాసీదా దుస్తుల గురించి కథలు ఎన్నో వ్యాపించాయి. ఈ పాట వాటి జోలికి పోదు. ఆయన దేహాన్ని గాని, మతాన్ని గాని హాస్యానికి వస్తువుగా తీసుకోదు. పోలీసు, సైన్యం బలంతో పల్లెలను దోచిన పాలనను మాత్రమే నిలదీస్తుంది. నాజీలతో పోల్చి వారినే మించిపోయాడంటుంది. రెండో ప్రపంచయుద్ధ కాలపు మాట నల్లగొండ పల్లె పాటలోకి రావడం, సభలు, కరపత్రాలు, కార్యకర్తల సంభాషణలు మౌఖిక సంప్రదాయంలో ఎలా కలిసిపోయాయో చూపుతుంది. పాలకుడి పనులే వస్తువు కావడం వల్ల పాలన ముగిసిన తర్వాత కూడా ఈ పాట ఏ సమూహాన్నీ అవమానించకుండా పాడుకోదగినదిగా మిగిలింది.

5. హాస్యమా, రౌద్రమా?
ఈ పాటను హాస్య గేయం అనడానికి అభ్యంతరం చెప్పవచ్చు. సమాధి కడతామనే పాటలో నవ్వుకు చోటెక్కడిదని అడగవచ్చు. పాటలో కోపం లేదనడం సరికాదు. హింసను చూసినవారు, ఆత్మీయులను పోగొట్టుకున్నవారు పాడుకున్న పాట ఇది. అయితే రౌద్రానికి తగిన భాష వేరుగా ఉంటుంది. శత్రువు బలాన్ని గుర్తించి, దానికి దీటుగా తన బలాన్ని ప్రకటించడం రౌద్రం. ఈ పాట శత్రువు బలాన్ని గంభీరంగా తీసుకోవడానికే నిరాకరిస్తుంది.

భరతుడు హాస్యానికి వికృతమైన ఆకారం, వేషం, వాక్కు, చేష్ట వంటివి విభావాలని చెప్పాడు. శృంగారాన్ని అనుకరిస్తే హాస్యం పుడుతుందన్నాడు. అభినవగుప్తుడు ఈ మాటను విస్తరించి, ఏ రసమైనా అనౌచిత్యంతో ఆభాసగా మారితే హాస్యానికి కారణమవుతుందని వివరించాడు. ఈ సూత్రం పాటకు సరిగ్గా వర్తిస్తుంది. బారులు తీరిన బండ్లు, ఊళ్ళ పేర్లు, కోట, సైన్యం ఇవన్నీ రాజు వైభవాన్ని వర్ణించే వీర కావ్య సామగ్రి. జైత్రయాత్ర వర్ణనకు తగిన ఈ సామగ్రి అంతా ఇక్కడ రాజు సాగిపోవడాన్ని వర్ణించడానికి ఉపయోగపడింది. వీరం ఆభాసమై హాస్యంగా పరిణమించింది. కోపం ఆ హాస్యానికి లోపలి వేడి. ఈ పాట గుంపుగా పాడటానికి ఎందుకు అనువైనదో కూడా దీనితో తెలుస్తుంది. భయపడే మనిషికి కోపం తెచ్చుకోవడం కష్టం. పదిమందితో కలిసి నవ్వడం కొంత సులువు. నవ్విన తర్వాత భయం మునుపటంత ఉండదు.

6. హాస్యానికి సంప్రదాయం ఇచ్చిన చోటు:
పాలకుణ్ణి నవ్వుతూ విమర్శించే స్వేచ్ఛ ఈ పాటతో కొత్తగా రాలేదు. తెలుగు ప్రదర్శన కళల్లో దానికి ముందునుంచీ చోటుంది. తోలుబొమ్మలాటలో కేతిగాడు రామాయణ కథ నడుస్తుండగానే మధ్యలో దూరి సమకాలపు మాటలు మాట్లాడతాడు. పిట్టలదొర దొర వేషం వేసుకొని, కట్టె తుపాకి పట్టుకొని లేని వైభవాన్ని ఏకరువు పెడతాడు. అందులో వేషధారి నవ్వులపాలు కావడంతో పాటు దొరతనమూ నవ్వులపాలవుతుంది. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు వంటి కళారూపాలను తెలంగాణ పోరాటంలో ప్రచారానికి ఉపయోగించిన విషయం ప్రసిద్ధం.

బుర్రకథలో ఈ ఏర్పాటు మరింత స్పష్టం. కథకుడికి రెండు పక్కలా ఉండే వంతలలో ఒకరు రాజకీయం చెబుతారు, మరొకరు హాస్యం చెబుతారు. షేక్ నాజర్ వంటి కళాకారుల ప్రదర్శనల్లో ఇద్దరి మాటలూ కథలో ఒకదానికొకటి ఆసరాగా సాగేవి. రాజకీయపు వంత చెప్పిన మాటలోని బరువును హాస్యపు వంత ప్రేక్షకుడికి అందేలా తేలికపరుస్తాడు. ‘బండెనక బండి’లో ఈ రెండు వంతల పనీ ఒకే గొంతు చేసింది. పరిశోధన మాత్రం రాజకీయపు వంత మాటను రాసుకొని హాస్యపు వంత మాటను వదిలివేసినట్టయింది.

7. స్తుతికి వారసులు, వెక్కిరింతకు సాక్షులు:
రాయలసీమ వీరగాథలు, స్తుతిగేయాలు భద్రపడటానికి వాటి సాహిత్య గుణం ఒక కారణం. వాటిని తమవిగా చెప్పుకునే ఊళ్ళు, కుటుంబాలు ఉండటం మరో కారణం. పాట తెలిసిన గాయకుడికి ఆదరణ లభిస్తుంది, సేకరించే పరిశోధకుడికి సహాయం అందుతుంది. వెక్కిరింత పాటకు ఇటువంటి పోషకులు ఉండరు. వెక్కిరింతకు గురైనవారి వారసులు దాన్ని భద్రపరచరు. పాడినవారు బయటివారి ముందు పాడటానికి జంకుతారు. ‘బండెనక బండి’ పాలకుడు పూర్తిగా తొలగి, మరణించిన తర్వాత, ఉద్యమాన్ని గౌరవించే వాతావరణం ఏర్పడిన తర్వాతనే వెండితెరకు ఎక్కగలిగింది. నిజాం లొంగుబాటుకు, చిత్ర విడుదలకు మధ్య 32 సంవత్సరాల దూరం ఉంది. ఒక పెద్ద ఉద్యమం వెనక నిలబడిన పాటకే ఇంత కాలం పట్టింది. ఊరి స్థాయి నాయకుడిపై పుట్టిన చిన్న పాట ఆ కాలాన్ని దాటి బతకడం కష్టం.

మాజీ పాలకుల గురించిన జ్ఞాపకం కాలంతో మారుతుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం (1918), ఉస్మానియా ఆసుపత్రి, నిజాంసాగర్ వంటి నిర్మాణాలను చూపి ఏడో నిజాంను దార్శనికుడిగా స్మరించేవారున్నారు. వెట్టిని, రజాకార్ల హింసను చూపి నిందించేవారున్నారు. చరిత్ర రచన రెండింటినీ తూచవలసిందే. కట్టడాలు తమ కర్త పేరును తామే చెప్పుకుంటాయి. వెట్టికి బండి కట్టినవాడి మాటను చెప్పడానికి శిలాశాసనం లేదు, పాట ఉంది. ఆ పాటను హాస్యమని తేలికగా తీసుకుంటే ఒక పక్షం సాక్ష్యం తగ్గిపోతుంది. పాటను పూర్తి చరిత్రగా తీసుకోవడం కూడా పొరపాటే. అది ఒక పక్షం చెప్పిన తీర్పు. తీర్పుగానే దానికి విలువ ఉంది.

8. కోసిగి ప్రాంతంలో పరిశోధన అవసరం:
ఈ పరిశీలన కోసిగి వంటి ప్రాంతంలో జరగవలసిన పనికి కొన్ని సూచనలు ఇస్తుంది. ఇక్కడ పాట పుట్టడానికి సందర్భాలు తక్కువ కావు. భజనలు, కోలాటాలు, పీర్ల పండుగ, శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి ఉత్సవాలు, దసరాకు దేవరగట్టు బన్ని ఉత్సవం, పత్తి చేలలో సాగే పని, సుగ్గి ప్రయాణాలు అన్నీ పాటకు తావులే. భక్తి గీతాల మధ్య, పనిపాటల మధ్య ఒక చరణంగా దూరివచ్చే రాజకీయ హాస్యాన్ని ప్రత్యేక గేయంగా వెతికితే దొరకకపోవచ్చు. పాట పేరుతో కాకుండా సందర్భంతో సేకరణ మొదలుపెట్టడం మేలు. తెలుగు, కన్నడం కలిసిన చోట చమత్కారం తరచు రెండు భాషల మాటల మధ్య పుడుతుంది కాబట్టి సేకరించేవారికి రెండు భాషలూ తెలిసి ఉండాలి. సుగ్గికి పోయిన కుటుంబాల పాటలు వలస వెళ్ళిన చోటి అనుభవాన్ని కూడా మోసుకొస్తాయి. వాటిని కోసిగిలో మాత్రమే వెతకడం చాలదు.

వెక్కిరింత పాటల సేకరణకు ప్రత్యేకమైన నీతి అవసరం. పింఛను, రేషన్ కార్డు, ఉపాధి హామీ పని వంటి వాటికి స్థానిక నాయకుల మీద ఆధారపడే గాయకుడు లేదా గాయని వారిలో ఒకరిని వెక్కిరించే పాట పాడితే, పరిశోధకుడు దాన్ని ఊరి పేరుతో, పాడినవారి పేరుతో, ఛాయాచిత్రంతో ప్రచురించడం హాని కలిగించవచ్చు. సేకరణలో గాయకుల పేరు ఇవ్వడం సాధారణంగా గౌరవం. ఇటువంటి సందర్భంలో పేరు దాచడమే గౌరవం. మాజీ అయిన నాయకుల గురించిన పాటలను ముందుగా సేకరించడం ఈ దృష్ట్యా కొంత సురక్షితం. అయితే ఊరిలో మాజీలు మళ్ళీ గెలవవచ్చు, వారి బంధువులు పదవిలో ఉండవచ్చు. అందువల్ల ప్రచురణకు ముందు పాడినవారి అనుమతిని పాట పాఠం చదివి వినిపించి తీసుకోవాలి.

దేహాన్ని, కులాన్ని, మతాన్ని, స్త్రీలను కించపరిచే చరణాలు కూడా ఇటువంటి పాటల్లో ఎదురుకావచ్చు. వాటిని సవరించి అచ్చువేయడం పాఠానికి అన్యాయం, వ్యాఖ్య లేకుండా అచ్చువేయడం సమాజానికి అన్యాయం. ‘బండెనక బండి’ పాటించిన హద్దు ఇక్కడ కొలమానంగా ఉపయోగపడుతుంది. అధికారాన్ని నవ్వే పాటకు, బలహీనులను నవ్వే పాటకు మధ్య తేడాను పరిశోధకుడు వివరించాలి.

9. ముగింపు:
ఈ పరిశీలనలో తేలిన అంశాలు:
1. ‘బండెనక బండి’ పాటకు పోరాట శక్తినిచ్చిన సాధనాలలో హాస్యం ప్రధానమైనది. ప్రశ్న, సంబోధన, ఊళ్ళ వరస ఆ హాస్యాన్ని నిర్మించాయి.
2. వెట్టి బండినే పాలకుడి నిష్క్రమణకు వాహనంగా మార్చడం ద్వారా పాట ఆయనను పదవిలో ఉండగానే మాజీగా చూపింది.
3. వ్యక్తి దేహాన్ని, మతాన్ని వదిలి పాలనను వస్తువుగా తీసుకోవడం ఈ పాట చిరకాలం నిలవడానికి ఒక కారణం.
4. ఒకే వంశం పాలించిన రెండు ప్రాంతాల్లో అధికారం ప్రజలకు ఎంత దగ్గరగా ఉన్నదో అన్నదాన్ని బట్టి వెక్కిరింత పాట పుట్టే అవకాశం మారుతుందని తుంగభద్ర సరిహద్దు సూచిస్తుంది.
5. స్తుతిగేయాలతో పోలిస్తే వెక్కిరింత పాటల సేకరణకు పోషకులు తక్కువ, ప్రమాదాలు ఎక్కువ. అందుకు తగిన పద్ధతిని, నీతిని జానపద పరిశోధన ఏర్పరచుకోవాలి.

కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో గత తరం నాయకులను చూసినవారు, వారి ఎన్నికల సభలకు బండ్లు కట్టుకొని వెళ్ళినవారు వృద్ధులవుతున్నారు. వారు ఆ నాయకులను గురించి నవ్వుతూ చెప్పే మాటలు, పాడే చరణాలు వారితోనే పోకముందే నమోదు కావాలి. ఆ పని విశ్వవిద్యాలయ సిద్ధాంత గ్రంథాల కోసం ఎదురుచూడనవసరం లేదు. ఆ ఊళ్ళ నుంచి వచ్చి కళాశాలల్లో చదువుతున్న విద్యార్థులకు ఆ మాట, ఆ మనుషులు ఇద్దరూ తెలుసు. వారికి తగిన శిక్షణ ఇవ్వగలిగితే సేకరణ వారి ఇళ్ళ నుంచే మొదలుపెట్టవచ్చు.